తెచ్చినవారి పేరు

మా పాత ఉద్యోగుల సంఘం వాళ్లు ఏదో సంచిక వేస్తున్నారట. సర్వీసులో మీరు గర్వపడే సంగతి ఒకటి రాసివ్వండి సార్ అని కొత్తగా చేరిన ఫార్మసిస్టులు ఇద్దరు నెల రోజులుగా మా గడప అరగదీస్తున్నారు. గర్వపడేవి నా దగ్గరా ఉన్నాయి. కలరా రోజుల్లో ఊరూరా తిరిగి సూదులు వేశాను. పాము కరిచినవాళ్లను బతికించాను. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఒక్క మెమో తీసుకోలేదు. ఇవన్నీ నా పదవీ విరమణ సభలో పెద్దలు మైకులో చెప్పేశారు, నేను దండ మెడలో వేసుకుని తలాడించాను. మళ్లీ అదే పాట పాడటం నా వల్ల కాదు. అందుకని ఎవరికీ చెప్పనిది రాస్తున్నాను. ఇష్టమైతే అచ్చేయండి, లేదంటే మాత్రల పొట్లాలకు వాడుకోండి. పేర్లు మాత్రం అడగొద్దు. ఉన్నవాళ్లవీ రాయను, పోయినవాళ్లవీ రాయను.

ఇది పోలీసు చర్య జరిగిన ఏడాది సంగతి. సూర్యాపేటలో ఒక చిన్న సర్కారు దవాఖానలో నేను కాంపౌండరును. పుట్టింది కోదాడ పక్కన కాబట్టి నా మాటలో ఆంధ్ర వాసన ఉందని సూర్యాపేటవాళ్లు ఆటపట్టించేవారు. డాక్టరుగారు ఎండాకాలంలో సెలవు పెట్టి హైదరాబాదు వెళ్లి, పరిస్థితులు చూసుకుని ఇక రానేలేదు. మిగిలింది నేనూ, గాయాలు కడిగే ఒక ముసలి ఆయమ్మా, ఒక చెక్క బీరువాలో సగం మందులూ. రోజులు బాగాలేవని నా భార్యను, పిల్లలను కోదాడలో అత్తగారింట దింపి వచ్చాను. జనం నన్నే డాక్టరు అనేవారు. నేనూ కాదనేవాణ్ని కాదు.

మీకు ఒక రిజిస్టరు గురించి చెప్పాలి, అది లేకుండా ఈ కథ లేదు. దెబ్బల కేసు ఏది వచ్చినా పెద్ద రిజిస్టరులో ఉర్దూలో రాయాలి. మనిషి పేరు, ఊరు, గాయం ఎక్కడ, దేనితో తగిలింది, చివరి గడిలో తెచ్చినవారి పేరు. రేపు కేసు నడిస్తే సాక్షి కావాలి కాబట్టి ఎవరో బుద్ధిమంతుడు ఆ చివరి గడి పెట్టాడు. మంచి రోజుల్లో అది మంచి గడే. ఆ రోజుల్లో మాత్రం ప్రాణాల మీదికి తెచ్చేది. అప్పటి సర్కారు అండ చూసుకుని, ఖాకీ చొక్కాలు తొడుక్కుని తుపాకులతో తిరిగే వాలంటీర్లు వారానికోసారి దవాఖానకు వచ్చి ఆ రిజిస్టరు తిరగేసేవారు. తాము కొట్టి పడేసిన రైతును ఎవరు బండెక్కించారో, ఎవరికి అంత దయ పుట్టిందో అందులో వెతుక్కునేవారు. ఆ వేసవిలో ఒక బండివాడు దొరికిపోయాడు. అతని పేరు రాసింది నేనే, గుండ్రటి అక్షరాలతో, ఎంతో శ్రద్ధగా. వారం తిరక్కుండా అతణ్నే ఎవరో మా వరండాలో పడేసి పోయారు. రెండు చేతులూ విరిచేశారు. నా పేరెట్ల తెలిసింది సాబ్ వాళ్లకు అని అతను అడుగుతుంటే నేను వినబడనట్టు కట్టు చెక్కలు సర్దుకున్నాను.

ఆ మర్నాటి నుంచి ఆ చివరి గడి ఖాళీగా వదిలేశాను. ఎవరైనా అడిగితే వరండాలో పడేసి పోయారు, నేను చూడలేదు అనేవాణ్ని. నాకు నేనుగా కనిపెట్టిన ఉపాయం అది. దాంతో నాలుగు కొంపలు నిలబెట్టానని లోలోపల మురిసిపోయేవాణ్ని కూడా. ఐదు నెలల పాటు ఆ గడిలో ఒక్క అక్షరం పడలేదు.

ఇక ఆ పిల్లల సంగతి. పిల్లలంటే అప్పటికి ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్లవాళ్లు. చదువుకునే రోజుల్లో వాళ్ల బడిలో ఒక డ్రిల్లు మాస్టారు స్కౌటు జట్టు నడిపాడు. తాళ్లకు ముడులు వేయడం, విజిల్ ఊది పిలుచుకోవడం, దెబ్బ తగిలినవాణ్ని ఎత్తుకుపోవడం నేర్పాడు. జాతరల్లో మంచినీళ్లు పోసేదీ, తప్పిపోయిన పిల్లల్ని తల్లులకు అప్పజెప్పేదీ వాళ్లే కాబట్టి వాళ్ల మెడలో పసుపు రుమాలు చుట్టుపక్కల పల్లెలన్నిటికీ తెలుసు. తరువాత మాస్టారు పోయాడు, బడిలో వాలంటీర్లు దిగారు, జట్టు చెదిరింది. కర్రలు తిప్పే చదువు కూడు పెట్టదయ్యా అని నేను వాళ్లను ఎగతాళి చేసేవాణ్ని. నవ్వి ఊరుకునేవారు.

వాళ్లలో ఇద్దరి గురించి చెప్తే చాలు. ఒకతను దర్జీ. బజారులో ఒక అరుగు మీద మిషను పెట్టుకుని కుట్టేవాడు. ముస్లిం. తండ్రి లేడు, పెళ్లి కాలేదు, తల్లి ఒక్కతే. మనిషి మెత్తన, మాట మెత్తన. రెండో అతను పెన్‌పహాడ్ వైపు తండా నుంచి వచ్చిన లంబాడీ, మిర్యాలగూడ బస్సు మీద క్లీనరు. ఇతనిది ఎవరికీ లొంగని నోరు. ఈ ఇద్దరికీ ఎలా పడిందో గానీ చిన్నప్పటి నుంచి ఒకే కంచం.

యూనియన్ సైన్యం కోదాడ దాటి వస్తోందని తెలిసిన రోజు పొద్దున్నుంచే ముసురు. రోడ్డు పొడుగునా కాల్పులు. ఏది ఎవరు కాలుస్తున్నారో ఎవరికి తెలుసు? పొలంలో నడుం వంచి కలుపు తీసేవాళ్లు, మూటలు బండికెత్తుకుని ఊళ్లు వదిలి వచ్చేవాళ్లు మధ్యలో ఇరుక్కున్నారు. సూర్యాపేటలో తలుపులన్నీ మూసుకున్నాయి. దవాఖాన తలుపు కూడా. గడియ పెట్టింది నేనే, ఎందుకు అబద్ధమాడాలి. తొమ్మిది గంటల వేళ వాకిట్లో విజిల్ వినిపించింది, ఆ వెంటనే తలుపు మీద క్లీనరు గొంతు. తియ్యకపోతే పలగ్గొడతానన్నాడు. తీశాను.

ఆరుగురో ఏడుగురో ఉన్నారు, మోకాళ్ల దాకా బురద. రెండు వెదురు కర్రలకు గొంగడి చుట్టి మడిచారు. మనిషి బరువు పడితే అదే బిగుసుకుంటుంది, ముడి కూడా అక్కర్లేదు. దాని మీద ఒక రైతు, తొడలోంచి గుండు దూసుకుపోయింది. గాయానికి పైన గుడ్డ చుట్టి, అందులో పుల్ల పెట్టి మెలేసి నెత్తురు ఆపారు. రైతు మోకాలి మీద తెల్లటి అంకెలు కనిపించాయి. దర్జీ సుద్దతో రాసినవి.

"కట్టు బిగించిన టైము గది సాబ్. ఎక్కువసేపుంటే కాలు సచ్చిపోతదని మాస్టారు చెప్పిండు. జర సూడున్రి," అన్నాడు దర్జీ.

క్లీనరు దగ్గర బస్సు తాలూకు జేబు గడియారం ఉండేది, అందులో చూసి రాశారట. నిజం చెప్పాలంటే, ఆ అంకెలు లేకపోతే నేను ఆ కట్టు ముట్టుకునేవాణ్ని కాదు, నెత్తురు ఆగిందిలే అని సాయంత్రం దాకా వదిలేసేవాణ్ని. ఆ రైతు కాలు నిలిచింది వాళ్ల వల్ల, నా వల్ల కాదు. గాయం కడిగేటప్పుడు ఆ సుద్ద రాతను స్పిరిటు దూదితో నేనే తుడిచేశాను.

వాళ్లు మళ్లీ వెళ్లారు. రోడ్డు మీద పోతే కాలుస్తారని కాల్వ గట్టు చాటున వంగి పోయేవాళ్లు. ఇంకోసారి వెళ్లారు. ఒక ముసలాయన, ఇద్దరు ఆడవాళ్లు, ఆరేళ్ల పిల్ల ఒకతి. వీళ్లకెవరూ జీతమివ్వలేదు, వెళ్లమని ఎవరూ చెప్పలేదు, వద్దన్నవాళ్లు మాత్రం వాళ్ల ఇళ్లలో చాలామందే ఉండి ఉంటారు. మొదటిసారి పొలాల్లో జనం వీళ్లను చూసి జడుసుకుని పరుగెత్తారట. మెడలో పసుపు రుమాలు చూశాక ఆగారట. అందుకని రుమాలు ఉన్నవాళ్లంతా కట్టుకున్నారు. దర్జీ మాత్రం రుమాలుతో పాటు పాత స్కౌటు చొక్కా కూడా తొడిగాడు. చిన్నప్పటి చొక్కా పట్టక, రెండు పక్కలా వేరే గుడ్డ పట్టీలు వేసి తన ఒంటికి సరిపోయేట్టు తనే కుట్టుకున్నాడు. చొక్కాది ఖాకీ రంగు. ఖాకీ అన్నది ఆ ఏడాది ఎవరి ఒంటి మీద ఉండేదో ఇందాక చెప్పాను.

మధ్యాహ్నానికి నా దగ్గర గాజుగుడ్డ ఖతం. ఆయమ్మ చీర చింపాం, నా పంచె చింపాం, ఆ కుర్రాళ్ల రుమాళ్లన్నీ కట్లయిపోయాయి. ఆ పిల్లకు చెయ్యి విరిగింది. చెక్క కట్టాను గానీ మెడకు వేలాడదీయడానికి గుడ్డ లేదు. దర్జీ మెడలో ఉన్నదే ఆఖరి రుమాలు. దాన్ని విప్పి ఇవ్వమన్నాను.

క్లీనరు అడ్డం వచ్చాడు. "గది తీస్తే వీడు ఉత్త ఖాకీగాడే అయితడు సాబ్. ఇంకేదన్న సూడు," అన్నాడు.

ఎంతసేపు, ఇక్కడే ఉంటాడుగా అన్నాను నేను. చూస్తే ఇంకేదైనా దొరికేది. మా బల్ల మీద దుప్పటి ఉంది, కిటికీకి తెర ఉంది. సర్కారు సామాను చింపితే లెక్క చెప్పుకోవాలని వాటి జోలికి పోలేదు. దర్జీ అప్పటికే రుమాలు విప్పేశాడు. పిల్ల మెడ వెనక ముడి తనే వేశాడు, ఒరుసుకోకుండా ఉండాలని ముడిని పక్కకు జరిపాడు. ఆ పిల్ల ఏడుపు ఆపి అతని మొహం చూసింది.

ఇక్కడే ఉంటాడుగా అని నేనన్న మనిషి పావుగంట కూడా ఉండలేదు. ఆ పిల్ల నాయనమ్మ రోడ్డు పక్క తూము దగ్గర ఉండిపోయిందని తెలిసి, ఆమె ఎక్కడుందో ముందుగా చూసి పెడతానని ఒక్కడే పరుగెత్తాడు. మిగతావాళ్లు గొంగడి పట్టుకుని వెనక వెళ్లారు. వాళ్లు పోయేసరికి సైన్యం అక్కడికి వచ్చేసింది. ఖాకీ చొక్కా, ముస్లిం పేరు, రోడ్డు పక్కన తూము దగ్గర వంగి వెతుకుతున్న మనిషి. సిపాయిలకు ఇంకేం కావాలి? చుట్టూ చేరిన మనవాళ్లు, పొద్దుటి నుంచి తలుపులు తీయని మనవాళ్లు, అవునవును వీడు వాళ్లలోనివాడే అన్నారు. క్లీనరు అరిచి చెప్పబోతే అతని చేతిలో కర్ర చూసి, నువ్వేం కమ్యూనిస్టు దళంవాడివి అని తుపాకీ అతని వైపు తిప్పారు. మిగతావాళ్లు అతణ్ని లాక్కొచ్చేశారు. ముసలమ్మను కూడా తెచ్చారు, బతికింది. దర్జీని చేతులు వెనక్కి కట్టి లారీ ఎక్కించారు.

మర్నాడు సూర్యాపేట బజారంతా జెండాలు. రాత్రికి రాత్రే అందరూ వీరులైపోయారు. మూడో రోజు దర్జీ తల్లి దవాఖానకు వచ్చింది. కొడుకును మిర్యాలగూడలో ఒక బియ్యం మిల్లు గోదాములో పెట్టారని, ఇంకా కొన్ని వందల మంది అక్కడే ఉన్నారని ఎవరో చెప్పారట. వాలంటీరు అని తేలితే ఏళ్ల తరబడి జైలే. కొందరి జాడ కూడా తెలియట్లేదు అనుకుంటున్నారు. ఆమె ఏడవలేదు.

"నీ కితాబుల రాసుంటది గద బిడ్డా, ఎవరు తెచ్చిన్రో. గది సూపిస్తే ఇడుస్తరంట," అంది.

రిజిస్టరు తీశాను. ఆ రోజు నేను రాసిన పేర్లన్నీ ఉన్నాయి, ఊళ్లు ఉన్నాయి, గాయాలు ఉన్నాయి. చివరి గడి ఖాళీ. అలవాటైన చెయ్యి కదా, ఆ రోజు కూడా వదిలేసింది. ఆమెకు చదువు రాదు కాబట్టి పేజీ చూసి తల ఊపింది. చూద్దాం లే అమ్మా అని పంపించాను.

మర్నాడు క్లీనరు వచ్చాడు. ఎవరో అతని మీద కూడా చెప్పారు, తండాలో సిపాయిలు వెతుకుతున్నారు. ఇక అతని సాక్ష్యం ఎవరు వింటారు? మిగతా కుర్రాళ్లు అప్పటికే భయపడి ఊరు వదిలారు. రిజిస్టరు తనే లాగి చూశాడు. కలం నా ముందు పెట్టాడు.

"రాయి సాబ్. అబద్ధం రాయమంటలేను. నీ ఎదురుంగ జరిగిందే రాయమంటున్న," అన్నాడు.

రాయలేదు. రోజులు దాటాక నిండిన గడి దొంగ గడి అవుతుందన్నాను, సర్కారు కాగితం దిద్దితే నేరమన్నాను. ఐదు నెలలు ఆ కాగితాన్ని సర్కారుకు తెలియకుండా ఖాళీగా ఉంచినప్పుడు నాకు గుర్తురాని నీతులన్నీ ఆ పూట వరసగా గుర్తొచ్చాయి. అసలు సంగతి వేరు. పాత సర్కారు నౌకర్లందరి ఫైళ్లూ తిరగేస్తున్నారని, నచ్చనివాళ్లను ఇంటికి పంపుతున్నారని కబురు. మా మామగారు ఆ ముందు రోజే కోదాడ నుంచి పనిగట్టుకుని వచ్చారు. "నీకెందుకయ్యా ఈ గొడవ? ముందు ఉద్యోగం నిలబెట్టుకో. పిల్లలు గలవాడివి," అన్నారు. ఆ మాట నాకు తీపిగా వినిపించింది. క్లీనరు కలం మూత పెట్టి వెళ్లిపోయాడు.

అయినా పూర్తిగా చెడ్డవాణ్ని అనిపించుకోవడం కూడా ఇష్టం లేదు నాకు. పది రోజులు పోయాక, తల్లి రోజూ వచ్చి వరండాలో కూర్చుంటుంటే తట్టుకోలేక, రిజిస్టరు సంచిలో పెట్టుకుని ఆమెతో బయల్దేరాను. నోటితోనైనా చెప్తాను, చూసిందే కదా అనుకున్నాను. బస్సు అప్పుడు నేరేడుచర్ల దాకానే నడుస్తోంది, అక్కణ్నుంచి బండి, మూసీ పుట్టిలో దాటడం, మళ్లీ బండి. ఆమె ఒళ్లో గుడ్డలో చుట్టిన జొన్నరొట్టెలు, కొడుకు కోసం. దారి పొడుగునా ఆమె కొడుకు చిన్నప్పటి ముచ్చట్లే చెప్పింది. తొలిసారి కుట్టిన లాగుకు రెండు కాళ్లూ ఒకే వైపు పెట్టాడట. నేను నవ్వాను. అక్కడి అధికారి దొర ముందు ఎలా మొదలుపెట్టాలో లోపల ఒకటికి నాలుగుసార్లు వల్లె వేసుకున్నాను.

మిల్లు ముందు రేకుల షెడ్డులో ఒక కొత్త అధికారి బల్ల వేసుకుని కూర్చున్నాడు. దుర్మార్గుడేం కాదు. నన్ను కుర్చీలో కూర్చోమన్నాడు, చాయ్ తెప్పించాడు. తెలుగు రాదు, హిందూస్తానీలో మాట్లాడాడు, నేను ఉర్దూలో జవాబు చెప్పాను. తల్లి గుమ్మం పక్కన నేల మీద కూర్చుంది. జరిగింది చెప్పాను. స్కౌటులని చెప్పాను, రుమాలు సంగతి చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. నాకు ధైర్యం వచ్చింది. రిజిస్టరు ఇమ్మన్నాడు. ఉర్దూ లిపి అతనికి రాదు, పక్కన గుమాస్తా చదివి వినిపించాడు. ఖాళీ గడి చదవడానికి మాత్రం ఎవరి సాయమూ అక్కర్లేదు. వేలు పెట్టి వెనక పేజీలు తిప్పుతూ పోయాడు. ఐదు నెలలు.

అతని గొంతు మారింది. "కావాలని సర్కారు రిజిస్టరు ఖాళీగా ఉంచావా, లేక ఎవరు తెచ్చారో నువ్వు చూడలేదా? రెండిట్లో ఏది?" అని అడిగి, కాగితం మీద నా పేరు, ఉద్యోగం రాసుకుని, పెన్సిలు పట్టుకుని ఆగాడు.

ఆ పెన్సిలే చూస్తున్నాను నేను. బండివాడి విరిగిన చేతుల గురించి చెప్పాలి. చెప్తే అర్థం చేసుకునేవాడేమో. అర్థం చేసుకోకపోతే? కావాలని అన్న మాట నా ఫైలులోకి పోతుంది. ఇంత ఆలోచించానని ఇప్పుడు రాస్తున్నాను గానీ, అప్పుడు రెండు మూడు గుటకలు మింగేంత సేపు పట్టిందేమో.

"చూడలేదు సాబ్. పని ఒత్తిడిలో ఎవరు తెచ్చారో చూసుకోలేదు," అన్నాను.

"మరి ఈ దర్జీ తెచ్చాడని ఎలా చెప్తున్నావు?"

"ఊళ్లో అనుకుంటుంటే విన్నాను."

అతను పెన్సిలు కింద పెట్టాడు. ఇక నుంచి గడులన్నీ నింపమని నాకు బుద్ధి చెప్పి పంపాడు. నా మీద ఏ చర్యా లేదు. లేచి వెనక్కి తిరిగేదాకా నాకు తట్టనే లేదు. ఆ సంభాషణంతా నడిచింది గుమ్మం పక్కన కూర్చున్న ఆమె ఇంటి భాషలో. ఒక్క ముక్క పోకుండా ఆమె విన్నది.

రొట్టెలు లోపలికి ఇవ్వనివ్వలేదు. తిరుగుదారిలో పుట్టిలో నా ఎదురుగా కూర్చుంది. తిట్టినా బాగుండేది. గుడ్డ విప్పి ఒక రొట్టె నా చేతిలో పెట్టింది. పొద్దటి సంది ఏం తినలేదు, తిను బిడ్డా అంది. తిన్నాను. ఛీ, నా బతుకు. ఆకలి వేసింది, తిన్నాను.

చలికాలం వచ్చింది. ఒకరోజు ఆ తొడ గాయం రైతు దవాఖానకు వచ్చాడు, చేతికర్ర ఆనించుకుని. గాయం మళ్లీ చీము పట్టింది, ఇంత నడక ఎందుకు నడిచావని కోప్పడ్డాను. మిర్యాలగూడ పోయొచ్చానన్నాడు. తనను మోసిన మనిషి గోదాములో ఉన్నాడని సంతలో విని, పెన్‌పహాడ్ పక్క తన పల్లె నుంచి రెండు రోజులు నడిచి ఆ అధికారి ముందు నిలబడ్డాడట. కాగితం ఏదని అడిగారట. పంచె పైకెత్తి తొడ చూపించాడట.

"నాకు సదువు రాదు దొరా, నన్ను మోసిన మనిషి మొకం నాకు ఎర్కే అన్న. గోదాంలకు తోల్కపోయిన్రు. అంతమందిల ఏలు వెట్టి సూపిచ్చిన. ఇడిసిన్రు సాబ్," అన్నాడు.

అంతే. ఆ మనిషికి ఉద్యోగం లేదు, రిజిస్టరు లేదు, దొర భాష రాదు. చూసింది చూశానన్నాడు, నమ్మారు. అదే షెడ్డులో, అదే అధికారి. మూడు నెలల ముందు నేను చెప్పి ఉంటే నన్నూ నమ్మేవాడు. ఆ గాయం కడిగి కట్టు కట్టాను.

రెండు రోజుల తరువాత దర్జీ వచ్చాడు. సగమైపోయాడు. గోదాములో విరేచనాలు పట్టుకుని చావు తప్పిందట, ఎడమ చెవి దగ్గర ఏదో దెబ్బ, ఆ వైపు సరిగా వినబడదు. తిట్టనీ, ఊరందరి ముందు నిలదీయనీ అనుకున్నాను. అతను దగ్గరకు వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

"అమ్మ అంత చెప్పింది సాబ్. గింత పెద్ద ఊర్ల నా కోసం మిర్యాలగూడ దాక వచ్చింది మీరొక్కలేనట. గీ పిలగాడే తెచ్చిండు, నా కండ్లార సూసిన అని దొర ముంగట నిలవడి చెప్పిన్రట. మీ రుణం ఎట్ల తీర్చుకోవాలె నేను?" అన్నాడు.

నా నోట్లోంచి వచ్చిన మాట రాస్తున్నాను. "అదెంత పని," అన్నాను.

ఆ పూటే వాళ్లింటికి పోయాను. దర్జీ లేడు, అరుగు మీద మిషను శుభ్రం చేసుకుంటున్నాడట. ఆమె వాకిట్లో కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. అలా ఎందుకు చెప్పావమ్మా అని అడిగాను. ఆమె తలెత్తలేదు.

"ఇంకేం చెప్పాలె? వాడు గీ ఊర్లెనే బతకాలె గద. ఊర్ల ఒక్కడన్న తన దిక్కు నిలవడ్డడని అనుకోవాలె గద. ఎవ్వడు లేడంటే మల్ల ఆ మిషను ముంగట కూసుంటడా వాడు?" అంది. రాయి ఒకటి ఏరి పక్కన పడేసింది. "నీ కోసం చెప్పలే బిడ్డా. వాని కోసం చెప్పిన. నువ్వు మాత్రం కాదనకు," అంది.

క్లీనరు ఆ గొడవలన్నీ సద్దుమణిగాక తిరిగొచ్చి బస్సు డ్రైవరయ్యాడు. అతనికి అంతా తెలుసు. తెలిసీ స్నేహితుడికి చెప్పలేదు, నాతోనూ జన్మలో మాట్లాడలేదు. నా ఉద్యోగం ఖాయమైంది. రికార్డులు ఇంత పద్ధతిగా ఉంచే కాంపౌండరు జిల్లాలో లేడని తరువాత పై అధికారులు రాశారు కూడా.

దర్జీ తల్లి పోయి చాలా కాలమైంది. అతనూ నాలుగేళ్ల కింద పోయాడు. నేను బజారులో కనిపిస్తే చాలు, ముప్పై ఐదేళ్ల పాటు మిషను ఆపి లేచి నిలబడ్డాడు. అరుగు మీద ఎవరున్నా సరే, నా భుజం పట్టుకుని, చుట్టూ ఉన్నవాళ్లకు మిర్యాలగూడ సంగతి మొదటి నుంచి చెప్పేవాడు. చెప్పినంతసేపూ నేను పక్కనే నిలబడి వినేవాణ్ని.